అల్యూమినియం రేకు

అల్యూమినియాన్ని గానీ దాని మిశ్రలోహాన్ని గానీ ఉక్కు రోలర్ల మధ్య నొక్కి సాగదీసిన పలచని పలకే అల్యూమినియం రేకు. మందం సుమారు 0.2 నుంచి 6 మిల్లీమీటర్ల వరకు ఉంటే రేకు, అంతకు మించితే ప్లేటు, అంతకన్నా పలచనైతే ఫాయిల్ అంటారు. సత్తు గిన్నె, బస్సు బాడీ, విమానం రెక్క, కూల్‌డ్రింకు డబ్బా అన్నీ ఈ రేకుతో చేసినవే. శుద్ధమైన అల్యూమినియం చాలా మెతక లోహం. దాని పలచని రేకు చేత్తో వంచితే వంగిపోతుంది. అంత మెతక లోహం మనుషులను ఆకాశంలో మోసే స్థితికి ఎలా వచ్చిందన్నదే దీని చరిత్రలో ముఖ్యమైన సంగతి.

పుట్టుక

1825లో డెన్మార్క్ శాస్త్రవేత్త హాన్స్ క్రిస్టియన్ ఎర్‌స్టెడ్ ఈ లోహాన్ని మొదటిసారి వేరుచేశాడు. 1854లో ఫ్రాన్స్‌కు చెందిన ఆన్రి సెంట్ క్లేర్ డెవిల్ సోడియం సాయంతో కాస్త ఎక్కువ మొత్తంలో తీయగలిగాడు కానీ, ధర మాత్రం మామూలు మనిషికి అందలేదు. అసలు మలుపు 1886లో వచ్చింది. అమెరికాలో చార్లెస్ మార్టిన్ హాల్, ఫ్రాన్స్‌లో పాల్ ఎరూ ఒకరికొకరు తెలియకుండానే ఒకే పద్ధతి కనిపెట్టారు. కరిగించిన క్రయొలైట్ అనే ఖనిజంలో అల్యూమినాను (అల్యూమినియం ఆక్సైడ్‌ను) కలిపి, అందులోంచి విద్యుత్తు పంపి లోహాన్ని వేరుచేయడమే ఆ పద్ధతి. ఇద్దరూ 1863లో పుట్టి 1914లోనే చనిపోయారు. ఈ పద్ధతి వచ్చిన కొద్దికాలానికే రసాయన శాస్త్రవేత్త కార్ల్ జోసెఫ్ బేయర్ బాక్సైట్ ఖనిజం నుంచి అల్యూమినాను శుద్ధిచేసే మార్గం చూపాడు. ధర పడిపోయింది, రోలింగ్ మిల్లులకు పని దొరికింది.

తొలినాటి రేకు మన్నికకు మంచి సాక్ష్యం రోమ్‌లోని సాన్ జోవక్కీనో చర్చి గుమ్మటం. 1897లో దానికి అల్యూమినియం రేకులు కప్పారు. గాలి తగిలిన వెంటనే ఈ లోహం మీద కొన్ని నానోమీటర్ల మందాన ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. ఇనుము తుప్పులా అది పెచ్చులూడిపోదు, లోహాన్ని అంటిపెట్టుకొనే ఉంటుంది. గీత పడినా అక్కడ మళ్లీ కొత్త పొర కడుతుంది. అందుకే పైన రంగు లేకపోయినా ఈ రేకు దశాబ్దాల పాటు ఎండావానలకు తట్టుకుంటుంది.

గుణాలు

ఘన సెంటీమీటరు అల్యూమినియం 2.7 గ్రాములు తూగుతుంది. ఉక్కు దాదాపు 7.85 గ్రాములు. బరువు మూడో వంతే కదా అని మురిసిపోవడానికి లేదు, ఎందుకంటే బిగువు కూడా మూడో వంతే. ఒకే మందం ఉన్న రెండు రేకులను ఒకే బలంతో నొక్కితే అల్యూమినియం రేకు మూడు రెట్లు ఎక్కువ వంగుతుంది. అయితే వంపుకు ఎదురు నిలిచే శక్తి మందంతో పాటు ఘనం లెక్కన పెరుగుతుంది. కాబట్టి మందం 1.4 రెట్లకు కొంచెం పైన పెంచితే చాలు, ఉక్కు రేకుతో సమానమైన బిగువు వస్తుంది. అప్పటికీ బరువు ఉక్కులో సగమే. కారు డోర్లూ బానెట్లూ చేసేవారు ఈ లోహం వైపు మొగ్గడం వెనక ఉన్న లెక్క ఇదే. రేకుకు ముడతలు పెట్టినా, అంచులు మడిచినా అదే లాభం దక్కుతుంది.

వేడికి ఈ లోహం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. 6 మీటర్ల పైకప్పు రేకు 40 డిగ్రీల తేడాకు 5 మిల్లీమీటర్లకు పైగా పెరుగుతుంది. బోల్టు రంధ్రాలు బిగుతుగా వేస్తే రేకు ఉబ్బడమో, రంధ్రం దగ్గర చిరగడమో ఖాయం. ఇనుప మేకులతో, ఇనుప చట్రంతో నేరుగా తాకేలా బిగించడం మరో పెద్ద తప్పు. తడి తగిలితే రెండు లోహాల మధ్య విద్యుత్ రసాయన చర్య మొదలై అల్యూమినియాన్ని తినేస్తుంది. మధ్యలో ప్రైమర్ పూతో రబ్బరు వాషరో ఉండాలి. తడి సిమెంటు, సున్నం కూడా దీనికి పడవు.

మెతకదనం వదిలిన తీరు

లోహానికి బలం తేవడానికి మొదటి మార్గం చల్లగా ఉండగానే రోలర్లలో నలపడం. ఎంత నలిపితే అంత గట్టిపడుతుంది, కాచి చల్లారిస్తే మళ్లీ మెత్తబడుతుంది. బాగా మెత్తబరచిన రేకుకు ‘ఓ’ అనీ, సగం గట్టిదానికి ‘హెచ్14’ అనీ, పూర్తి గట్టిదానికి ‘హెచ్18’ అనీ గుర్తులు వేస్తారు.

రెండో మార్గం అనుకోకుండా దొరికింది. 1906లో బెర్లిన్ సమీపంలో లోహ శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ విల్మ్ అల్యూమినియంలో సుమారు 4 శాతం రాగి, కొద్దిగా మెగ్నీషియం కలిపి, బాగా కాచి, నీళ్లలో ముంచి చూశాడు. ఉక్కులా వెంటనే గట్టిపడుతుందని ఆశించాడు కానీ అలా జరగలేదు. కొన్ని రోజులు గడిచాక అదే ముక్కను మళ్లీ కొలిస్తే బాగా గట్టిపడి ఉంది. లోహం తనంతట తానే, గది వేడిలోనే, గంటలూ రోజులూ గడిచేకొద్దీ బలం పుంజుకుంటోంది. లోపల రాగి పరమాణువులు సూక్ష్మమైన గుంపులుగా చేరి, లోహపు పొరలు జారకుండా అడ్డుపడటమే కారణమని తర్వాతి పరిశోధకులు తేల్చారు. డ్యురాలుమిన్ పేరుతో మార్కెట్‌కు వచ్చిన ఈ మిశ్రలోహమే లోహ విమానానికి దారి తీసింది. లోహ శాస్త్రంలో ఇంత సహనం అడిగిన కనుగోలు, ఇంత ప్రతిఫలం ఇచ్చిన కనుగోలు అరుదు.

1919లో ఎగిరిన జర్మన్ విమానం యుంకర్స్ ఎఫ్13 ఒళ్లంతా ముడతల డ్యురాలుమిన్ రేకే. పూర్తిగా లోహంతో చేసిన తొలి ప్రయాణికుల విమానం అదే. కానీ రాగి కలవడంతో తుప్పును తట్టుకునే గుణం తగ్గింది. 1920ల చివర్లో అమెరికాలోని ఆల్కోవా సంస్థ గట్టి రేకుకు రెండు వైపులా పలచని శుద్ధ అల్యూమినియం పొరను రోలింగ్‌లోనే అతికించి దీనికి విరుగుడు కనిపెట్టింది. ఆల్‌క్లాడ్ అనే ఈ రేకు తర్వాతి విమానాలకు తొడుగు అయింది. రెండో ప్రపంచ యుద్ధకాలపు విమాన కర్మాగారాల్లో ఈ జాతి మిశ్రలోహపు రివెట్లను కాచి ముంచిన వెంటనే ఐసు పెట్టెల్లో దాచేవారు. చలిలో గట్టిపడటం దాదాపు ఆగిపోతుంది. బయటికి తీశాక కొద్ది నిమిషాల్లోనే కొట్టేయాలి, ఆలస్యమైతే రివెట్టు తల పగులుతుంది.

యుద్ధం ముగిశాక మిగిలిన సామర్థ్యం ఇళ్ల వైపు, బండ్ల వైపు మళ్లింది. బ్రిటన్‌లో విమాన కర్మాగారాలే యాభై వేలకు పైగా అల్యూమినియం ఇళ్లు తయారుచేశాయి. ఉక్కు కొరత ఉండటంతో 1948 నాటి ల్యాండ్‌రోవర్ బాడీ కూడా అల్యూమినియం మిశ్రలోహంతోనే వచ్చింది.

భారతదేశంలో

తెలుగు జిల్లాలు కూడా అప్పట్లో భాగంగా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో ఈ రేకు కథ 1898లో మొదలైంది. మద్రాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంజనీరు దిగుమతి రేకుతో పాత్రలు చేయించడం ప్రారంభించాడు. ఇత్తడి, రాగి పాత్రలకు ఎప్పటికప్పుడు కళాయి పూయించాలి; దీనికి ఆ బెడద లేదు, పైగా తేలిక. దేశంలో లోహాన్ని తీయడం మాత్రం 1943లో, కేరళలోని ఆలువ దగ్గర మొదలైంది. కలకత్తా సమీపంలోని బేలూరులో రోలింగ్ మిల్లు అంతకు రెండేళ్ల ముందే వచ్చింది. నేడు ఒడిశాలోని దామన్‌జోడిలో ప్రభుత్వ రంగ సంస్థ నాల్కో తీసే అల్యూమినా విశాఖపట్నం రేవు నుంచే విదేశాలకు ఓడ ఎక్కుతుంది.

పాత్రల తయారీకి గుండ్రంగా కోసిన రేకు బిళ్లలు వాడతారు. వ్యాపారంలో వాటిని సర్కిళ్లు అంటారు. సర్కిల్‌ను లేత్ మీద అచ్చుకు ఆనించి తిప్పుతూ, పొడవాటి పిడి ఉన్న ఉక్కు పనిముట్టుతో మెల్లగా నొక్కుతుంటే రేకు అచ్చు మీదికి వాలి గిన్నె ఆకారం తెచ్చుకుంటుంది. చెయ్యి ఎక్కడ ఆగితే అక్కడ అంచు ముడతపడుతుంది, ఒత్తిడి ఎక్కువైతే మూల పలచబడి చిరుగుతుంది. ఇలాంటి గిన్నెలో చింతపండు పులుసు, ఊరగాయ నిల్వ ఉంచకూడదు. పులుపూ ఉప్పూ కలిసి ఆక్సైడ్ పొరను కరిగించి గుంటలు పెడతాయి. చాకలి సోడా కూడా అదే పని చేస్తుంది.

పని చేసేచోట

రేకు రకాన్ని తెలుసుకోకుండా వంచబోవడం వల్లే ఎక్కువ నష్టం జరుగుతుంది. మాంగనీసు కలిసిన 3003 రకం బాగా వంగుతుంది. పాత్రలకూ పైకప్పులకూ అదే. మెగ్నీషియం కలిసిన 5052, 5083 రకాలు సముద్రపు గాలికి తట్టుకుంటాయి, పడవలకూ ట్యాంకులకూ వాడతారు. గట్టిపరచిన 6061 టి6 రేకును చిన్న మడతలో వంచితే వెలుపలి అంచు పగులుతుంది. రోలింగ్ గీతలకు అడ్డంగా మడత వేస్తే పగులు తగ్గుతుంది. మడత వదలగానే రేకు ఉక్కు కన్నా ఎక్కువ వెనక్కి తెరుచుకుంటుంది కాబట్టి కొలత దాటి కాస్త ఎక్కువ వంచాలి.

కాచేటప్పుడు ఈ లోహం ఎర్రబడదు. 660 డిగ్రీల దగ్గర ఏ హెచ్చరికా లేకుండా కుప్పకూలుతుంది. పాత పనివాళ్లు అందుకే రేకు మీద సబ్బు రాసి, అది గోధుమ రంగుకు తిరిగే వరకే మంట చూపి ఆపేస్తారు. వెల్డింగ్‌లో చిక్కు మరొకటి: లోహం 660 డిగ్రీలకే కరిగినా పైనున్న ఆక్సైడ్ పొర కరగడానికి 2,000 డిగ్రీలు దాటాలి. ఏసీ కరెంటుతో చేసే టిగ్ వెల్డింగ్ ఆ పొరను ఛేదిస్తూ పోతుంది.

తెలుగు దినపత్రికలను అచ్చేసే ఆఫ్‌సెట్ ప్లేట్లు కూడా ఈ రేకులే, సుమారు 0.3 మిల్లీమీటర్ల మందంవి. మన పట్టణాల్లో దుకాణాల ముందు భాగాన మెరిసే ఏసీపీ షీట్లలో రెండు పలచని అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది. అది మామూలు పాలిథిలిన్ అయితే ఎత్తైన భవనానికి ప్రమాదమే. 2017లో లండన్ గ్రెన్‌ఫెల్ టవర్‌లో 72 మంది ప్రాణాలు తీసిన మంటలు వేగంగా పాకడానికి అలాంటి పలకలే ముఖ్య కారణమని విచారణ తేల్చింది. భవనాలకు వీటిని ఎంచుకునేవారు ధర కంటే ముందు లోపలి పొర ఏమిటని అడగాలి.

పాత రేకును కరిగించడానికి, ఖనిజం నుంచి కొత్త లోహం తీయడానికయ్యే విద్యుత్తులో సుమారు 5 శాతమే సరిపోతుంది. అయితే రకాలు కలిసిపోతే గుణం పోతుంది: కూల్‌డ్రింకు డబ్బా ఒంటికి వాడేది ఒక మిశ్రలోహం, మూతకు వాడేది మరొకటి. 2007లో భారత సంస్థ హిందాల్కో కొనుగోలు చేసిన నోవెలిస్, ఇలాంటి డబ్బాలను తిరిగి రేకుగా మార్చే ప్రపంచ సంస్థల్లో అగ్రస్థానంలో ఉంది.