రెండు రంగుల అల్లిక – వెనుక పోగుల చరిత్ర

ప్రత్యక్ష గుడారము కొరకు రంగుల నూలును తమ చేతులతో వడికిన స్త్రీలను గూర్చి నిర్గమకాండము 35వ అధ్యాయములో చదువుచున్నాము. పనిని నడిపించిన బెసలేలు పేరు అక్కడ ఉన్నది గాని ఆ స్త్రీల పేర్లు లేవు. ఈ శతవార్షిక సంచికలో స్థాపకులను, కట్టడములను గూర్చి వ్రాయువారు అనేకులు. మేము చేతిపనిని గూర్చి, అందులో రెండు రంగుల ఊలు అల్లికను గూర్చి వ్రాయ తలంచితిమి.

తెలుగునాట లేసు అల్లిక మిషనెరీల వెంట వచ్చినది. 1844లో స్కాట్లాండునకు చెందిన మెక్రే దంపతులు నరసాపురం ప్రాంతమున దానిని నేర్పిరని చెప్పుదురు. దానికి కొక్కెముగల సూది ఒక్కటి చాలును. ఊలు అల్లికకు రెండు సూదులు కావలెను. అందు రెండు రంగుల పనికి స్కాట్లాండు ఉత్తరమున ఉన్న షెట్లాండు దీవులు, ముఖ్యముగా ఫెయిర్ ఐల్ అను చిన్న దీవి, పేరుపొందినవి. 1922లో వేల్స్ యువరాజు అట్టి స్వెటరు ధరించి గోల్ఫ్ ఆడుటతో దాని కీర్తి మరింత వ్యాపించెను.

ఈ పనిలో వరుసకు రెండు రంగులే ఉండును. ఒక రంగు కుట్టుగా ముందుకు వచ్చునపుడు రెండవది బట్ట వెనుక సాగిపోవును. రెండు పోగులను ఒకే వ్రేలిపై పట్టినచో క్రొత్తవారికి అవి మెలిపడును. కనుక ఒక రంగును కుడి చూపుడు వ్రేలిపైని, రెండవదానిని ఎడమ చూపుడు వ్రేలిపైని ఉంచుట మేలు. కుడిచేతి పోగును సూది మొనకు చుట్టవలెను. ఎడమచేతి పోగును మొనతోనే అందుకొనవలెను. సాధారణముగా ఎడమ పోగు క్రిందుగా నడుచును గనుక ఆ రంగే స్పష్టముగా కనబడును. అందుచేత పని నడుమ చేతులు మార్చరాదు. వెనుక పోగును బిగించితే బట్ట ముడుచుకొనును. మిక్కిలి వదులైతే వ్రేళ్లకు తగులుకొనును. స్వెటరుకు అధికమైన వెచ్చదనము కనబడని ఆ వెనుక పోగుల వలననే కలుగును.

షెట్లాండు స్త్రీలు నడుమునకు తోలు పట్టీ కట్టి, అందులో సూది గుచ్చి, వీపున బరువులు మోయుచు నడుచుచునే అల్లిరి. వర్తకులు వారికి డబ్బునకు బదులు టీ, బట్ట వంటి సరకులే ఇచ్చుచుండిరి. 1872 నాటి ప్రభుత్వ విచారణలో ఇది బయటపడెను. నరసాపురపు లేసు స్త్రీలను గూర్చి మరియా మీస్ 1982లో ప్రచురించిన గ్రంథమును చూడుడి. విదేశములకు పోవు సరకును తయారుచేసినను, వారిని పనివారుగాక, తీరికవేళ గడుపు గృహిణులుగా ఎంచిరి.

ఇక మన ప్రాంతము మాట. డిచ్‌పల్లి కుష్ఠురోగుల ఆసుపత్రి అనగానే 1915లో దానిని స్థాపించిన డాక్టర్ ఇసబెల్ కెర్, రెవరెండ్ జార్జి కెర్ గుర్తుకు వత్తురు. 1924లో ప్రతిష్ఠించబడిన మెదకు మహాదేవాలయమనగానే పాస్నెట్ దొరగారి పేరు చెప్పుదుము. ఇది న్యాయమే. అయితే స్పర్శ కోల్పోయిన చేతులకు కట్టు కట్టిన నర్సులెవరు? కరవులో కూలికి వచ్చి దేవాలయమునకు రాళ్లు మోసినవారెవరు? ఊరూర నడిచి సువార్త చెప్పిన బైబిలు స్త్రీలెవరు? బోధను చక్కెర కర్మాగారము 1937లో ఏర్పడి 2015లో మూతపడినది. దానికొరకు చెరకు నరికి మోపులు కట్టినవారి పేర్లు ఏ ఫలకముపైన ఉన్నవి? వీరందరు మన చరిత్రకు వెనుక పోగులు.

కాబట్టి ప్రతి సంఘములోని స్త్రీల సహవాసమునకు మా మనవి రెండు మాటలు. వృద్ధులైన తల్లులు మన మధ్య ఉండగానే వారి యొద్ద కూర్చుండి, తెలిసిన పేర్లను, చేసిన పనులను ఒక పుస్తకములో వ్రాయుడి. సంఘపు అమ్మకములలో చేతి అల్లికను ఊలు ఖరీదుకే ఇవ్వక, చేసిన చేతులకు న్యాయమైన కూలి చెల్లించుడి. యొప్పేలో దొర్కా కుట్టిన వస్త్రములను విధవరాండ్రు పేతురునకు చూపిరి. చూపువారు లేనిచో ఆ పని మనకు తెలిసియుండెడిది కాదు. చూపు బాధ్యత ఇప్పుడు మనది. ప్రభువు మన చేతుల పనిని స్థిరపరచును గాక.