ఫ్లోరెన్స్ పువ్వు, ల్యూబెక్ బంగారం

ప్రాజెక్టు పని మీద హాంబర్గ్‌లో ఉన్నప్పుడు ఓ శనివారం రైలెక్కి ల్యూబెక్ వెళ్ళాను. ఒకప్పుడు హన్సా అనే వర్తక నగరాల కూటమికి పెద్దన్న ఆ ఊరు. తిరిగొచ్చాక దాని బంగారు నాణేల గురించి చదువుతూ కూర్చున్నా.

ల్యూబెక్ 1226లోనే స్వతంత్ర నగరమైంది. చక్రవర్తి తప్ప పైన మరే ప్రభువూ లేడు. అయితే బాల్టిక్ తీరంలో నడిచేది వెండి. పడమట బ్రూజ్‌లో పెద్ద బేరాలకి బంగారం కావాలి. చివరికి 1340లో చక్రవర్తి నాలుగో లుడ్విగ్ బంగారు నాణేలు ముద్రించుకునే హక్కు ఇచ్చాడు.

మరి అంత గొప్ప ఊరు తన నాణెం మీద ఏం వేసుకుని ఉంటుంది? తన రాజముద్రలో ఉన్న ఓడనా? అబ్బే! ఒకవైపు లిల్లీ పువ్వు, రెండోవైపు బాప్తిస్మమిచ్చు యోహాను. అంటే 1252 నుంచి ఫ్లోరెన్స్ ముద్రిస్తున్న ఫ్లోరిన్‌కి అచ్చు జిరాక్స్! బరువు సుమారు మూడున్నర గ్రాములు, దాదాపు 24 క్యారెట్లు. తేడా అల్లా చుట్టూ ఉన్న అక్షరాల్లో ఊరి పేరు.

మొదట నవ్వొచ్చింది. తర్వాత నా సంగతే గుర్తొచ్చింది. ఒకప్పుడు నేనూ ఒక ప్రాజెక్టులో అందరూ వాడే ఫార్మాట్ వదిలేసి సొంతంగా ఒకటి కనిపెట్టాను. నేను తప్ప ఎవరూ వాడలేదు! ల్యూబెక్ వర్తకులు నాకంటే తెలివైనవాళ్ళు. చదువురాని వాడు కూడా పువ్వుని చూసి పుచ్చుకుంటాడు.

అలాగని పైరూపం ఒక్కటే చాలదు. రైన్ నది పక్క నలుగురు ఎలెక్టర్లు కలిసి 1386లో ముద్రించడం మొదలుపెట్టిన గుల్డెన్ 23 క్యారెట్లు. 1490 నాటికి పద్దెనిమిదిన్నర! పేరు అదే, సరుకు తగ్గింది. ఇంటర్‌ఫేస్ అలాగే ఉంచి లోపల కోడ్ మార్చేసినట్టు.

అసలు తమాషా చివర్లో ఉంది. 1901 నుంచి 1910 దాకా వచ్చిన ల్యూబెక్ పది మార్కుల బంగారు నాణేల మీద సొంత రెండుతలల డేగ, చుట్టూ "స్వేచ్ఛా హన్సా నగరం" అన్న బిరుదు. కానీ అవి తయారైంది బెర్లిన్ టంకశాలలో. బరువు, నాణ్యత నిర్ణయించింది జర్మన్ సామ్రాజ్య చట్టం. 1937లో నాజీ ప్రభుత్వ చట్టంతో ఆ స్వతంత్ర హోదా కూడా పోయింది.

మొదట్లో బొమ్మ పరాయిది, టంకశాల తనది. ఆఖర్లో బొమ్మ తనది, టంకశాల పరాయిది. ఈ రెంటిలో ఏది స్వాతంత్ర్యం అంటారు? నా ఓటు మాత్రం పువ్వుకే.