వాల్వుల ఆంప్లిఫయరు: పుట్టుక, మరమ్మతు

మంజీరకు ఆవల బోధను సీమ, ఈవల బిలోలి తాలూకా. ఆ తాలూకాలోనిదే సగరోళి. 1956 నవంబరు 1 వరకు ఈ రెండు గట్టులును హైదరాబాదు రాష్ట్రముననే ఉండినవి. ఆ దినమున ఆవలి గట్టు ఆంధ్రప్రదేశమునకును, ఈవలి గట్టు బొంబాయి రాష్ట్రమునకును చేరినవి. 1960 మే 1న మనది మహారాష్ట్రమైనది. 2014 జూన్ 2న వారిది తెలంగాణమైనది. చెవికి మాత్రము ఈ ఎల్లలు పట్టలేదు. నిజాము కాలపు దక్కను రేడియో ఉర్దూ, తెలుగు, మరాఠీ, కన్నడములలో పలికెడిది. 1950 ఏప్రిలు 1న దానిని కేంద్ర ప్రభుత్వము తీసికొని ఆకాశవాణిలో చేర్చినది. మన సీమలో సప్తాహపు కీర్తన మరాఠీలో, హరికథ తెలుగులో; రెండింటికిని మైకు ఒక్కటే.

రేడియో పెట్టె ఒక లోగిటికి చాలును, వేయిమంది కూడిన సభకు చాలదు. అచ్చట కావలసినది ఆంప్లిఫయరు, అనగా ధ్వనివర్ధక యంత్రము. ఆ కాలపు వాల్వుల యంత్రములు నేడు దేవాలయపు సామాను గదులలోను, పాఠశాలల అటకలపైనను పడియుండి, ట్రాన్స్‌ఫార్మరులలోని రాగి కొరకు తూకమునకు పోవుచున్నవి. వానిలో పెక్కింటిని బ్రతికింపవచ్చునని మేము దృఢముగా నమ్ముచున్నాము. ఎట్లు బ్రతికింపవలెనో చెప్పుటకు ముందు అది ఎట్లు పుట్టినదో చెప్పవలెను. ఏలయన దాని లోపలి ప్రతి సర్దుబాటును ఒకనాడు ఎదురైన చిక్కునకు సమాధానమే.

1904లో ఇంగ్లండున ఫ్లెమింగు రెండు ఎలక్ట్రోడుల వాల్వును కనిపెట్టెను. 1906లో అమెరికావాడగు లీ డి ఫారెస్టు అందు గ్రిడ్డను మూడవదానిని చేర్చెను. చెరువు తూమును ఎరిగిన మనకు దీనిని గ్రహించుట కష్టము కాదు. వేడెక్కిన కాథోడు నుండి ప్లేటునకు ఎలక్ట్రానులు నీటివలె పారును. గ్రిడ్డు తూము తలుపు. తలుపును కదల్చుటకు చేతి బలము చాలును, కదలిన నీరు మడులన్నింటిని తడుపును. అట్లే గ్రిడ్డుపై చేరిన సన్నని స్వరము ప్లేటువైపున పెద్ద కరెంటును ఆడించును. 1915లో అమెరికా ఒక తీరము నుండి మరియొక తీరమునకు టెలిఫోను మాట చేరుటకు ఈ వాల్వులే ఆధారము. 1919లో అధ్యక్షుడు విల్సను శాన్ డియాగో నగరమున లౌడుస్పీకరుల ద్వారా వేలాది జనులతో మాట్లాడెను. మనదేశమున కాంగ్రెసు సభలకు మోత్వానీ కుటుంబమువారి షికాగో రేడియో లౌడుస్పీకరులు ప్రసిద్ధికెక్కినవి. 1940లో స్థాపితమైన అహూజా సంస్థ పేరు పల్లెలకును తెలిసినదే. విద్యుత్తు లేని ఊళ్లకై 12 వోల్టుల బ్యాటరీపై పనిచేయు యంత్రములును ఉండెడివి. వానిలోని వైబ్రేటరు గుయ్యిమను రొద ముదుసలులకు ఇప్పటికిని జ్ఞాపకముండవచ్చును.

తూము తలుపును కదల్చక ముందు ఎంత తెరచి ఉంచవలెను? ఇదియే బయాసు. మిక్కిలి మూసిన స్వరము తెగి గరగరలాడును. మిక్కిలి తెరచిన వాల్వు తన వేడిలో తానే కాలిపోవును. ఒక్క వాల్వు బలము చాలనప్పుడు రెండింటిని ఎదురెదురుగా నిలిపి, ఒకటి త్రోయగా మరియొకటి లాగునట్లు చేసిరి. అందుండి వచ్చిన శక్తిని స్పీకరునకు తగినట్లు మార్చి ఇచ్చునది అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు. ఇంకను మిగిలిన వికారమును తగ్గించు ఉపాయము 1927లో హెరాల్డు బ్లాకునకు హడ్సను నదిని నౌకలో దాటుచుండగా తట్టినది: వెలువడిన ధ్వనిలో కొంత వెనుకకు తెచ్చి, ప్రవేశించు ధ్వనికి ఎదురు చూపుట. చేతిలోని వార్తాపత్రిక పుటపైననే అతడు దానిని వ్రాసికొనెను. 1947లో విలియమ్సను అను ఇంజనీరు కె.టి.66 వాల్వులతో ఈ రెండు ఉపాయములను పొందికగా కూర్చి ప్రకటించిన నమూనా దేశదేశముల అనుసరింపబడినది.

ఇక మరమ్మతు. మొదట ప్రాణము మాట. ఈ పెట్టెలో 400 వోల్టుల వరకు ఉండును. ప్లగ్గు పీకిన పిదప కూడ పెద్ద కండెన్సరులలో అది నిలిచియుండును. స్క్రూడ్రైవరుతో తాకించి చిటపటలాడించుట శౌర్యము కాదు, అవివేకము. వెయ్యి ఓముల లావుపాటి రెసిస్టెన్సు ద్వారా ఖాళీ చేసి, మీటరుతో సున్న చూచిన పిదపనే చేయి పెట్టవలెను. పని తెలిసినవాడు ప్రక్కన లేనిదే పిల్లలను దీనికడకు పోనీయరాదు.

ఏండ్ల తరబడి పడియున్న యంత్రమునకు తిన్నగా కరెంటు ఇయ్యరాదు. 100 వాట్ల ఫిలమెంటు దీపమును వరుసలో కలిపి ఇయ్యవలెను; ఎల్.ఇ.డి. దీపము దీనికి పనికిరాదు. దీపము మొదట వెలిగి మందగించిన మంచిది. ప్రకాశముగనే నిలిచిన లోపల ఎచ్చటనో షార్టు ఉన్నది. పవరు ట్రాన్స్‌ఫార్మరునకు 200, 220, 240 అని ట్యాపులున్నచో, మన ఇంటికి వచ్చు వోల్టేజిని కొలిచి తగినదానికి మార్చవలెను. లేనిచో 6.3 వోల్టులు ఉండవలసిన హీటరు ఎక్కువ తాగి వాల్వు ఆయువు తరుగును.

రొదను బట్టి రోగము తెలియును. సెకనుకు 100 కంపనముల జుమ్మను ధ్వని వినబడిన, ఫిల్టరు కండెన్సరులు ఎండినవని అనుమానింపవలెను. 50 కంపనముల మంద్రమైన రొదయైన హీటరు లీకేజి, లేక ఎర్తు కలపుటలో లోపము. చెవికి ఈ తేడా రెండు దినములలో పట్టుబడును.

అన్నింటికంటె ద్రోహి పాత మైనపు కాగితపు కప్లింగు కండెన్సరు. అది కారిన ముందటి వాల్వు ప్లేటు వోల్టేజి వెనుకటి గ్రిడ్డుపై చేరి తూమును పూర్తిగా తెరచును, ప్లేటు ఎర్రబడును. తెలియనివారు వాల్వు పోయినదని క్రొత్తది పెట్టుదురు, అదియు పోవును. కనుక ముందు ఈ చిన్న కండెన్సరులను మార్చి, అటుపిమ్మట బయాసు చూడవలెను.

ఇ.ఎల్.34 వాల్వుల యంత్రమును ఉదాహరణగా తీసికొందము. ఒక్కొక్క కాథోడు క్రింద 10 ఓముల రెసిస్టెన్సున్నచో, దానిపై 0.35 వోల్టులు కనబడిన 35 మిల్లీ ఆంపియరులన్నమాట. స్క్రీను కరెంటు కొంత అందులో కలిసియుండును. ప్లేటుపై 400 వోల్టులుండిన వాల్వు సుమారు 14 వాట్లు భరించుచున్నది. దాని హద్దు 25 వాట్లు గనుక ఇది నిశ్చింతయైన స్థితి. అయినను తయారీదారు ఇచ్చిన అంకె దొరికినచో దానినే పాటింపవలెను. జతలోని రెండు వాల్వులును ఇంచుమించు సమానముగా తాగవలెను; లేనిచో ట్రాన్స్‌ఫార్మరు ఇనుము ఒక ప్రక్కకు అయస్కాంతించి మంద్రస్వరము చెడును. ధ్వని పెరుగునని బయాసు త్రిప్పువారు కలరు. అది ధ్వనిని పెంచదు, వేడిని పెంచును. వాల్వులు ఇప్పటికిని విదేశములనుండి దొరకును; పాత ట్రాన్స్‌ఫార్మరునకు సరిజోడు దొరకదు. తూకమునకు అమ్మువారు ఈ మాట ఆలోచింపవలెను.

స్పీకరు కలపక ఆంప్లిఫయరును ఎన్నడును మ్రోగింపరాదు. భారము లేని అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరులో వోల్టేజి పెరిగి చుట్లు కాలును. పలు హారనులు దూరముగా కట్టునప్పుడు 100 వోల్టుల లైనును, ఒక్క స్పీకరునకు 8 లేక 16 ఓముల కొనను వాడవలెను. అన్నియు కూర్చిన పిదప ఒక గంట వెచ్చబడనిచ్చి బయాసును మరల కొలువవలెను, ఏలయన చల్లగా ఉన్నప్పటి అంకె నిలువదు. ఆ తుది అంకెలను, మార్చిన కండెన్సరుల విలువలను, తేదీని ఒక కాగితముపై తెలుగుననో మరాఠీననో వ్రాసి మూత లోపల అంటింపవలెను. రేపు విప్పువాడు ఏ భాషవాడైనను అంకెలు చదువగలడు.