బిద్రీ పుట్టుక: రాతి గోడ చెప్పే సాక్ష్యం

బిద్రీ పనిని ఇరాన్ నుంచి అబ్దుల్లా బిన్ కైసర్ అనే పనివాడు తెచ్చాడని బీదరులో తరతరాలుగా చెప్పుకుంటారు. బహమనీ సుల్తాను అహ్మద్ షా గుల్బర్గా నుంచి రాజధానిని ఇక్కడికి మార్చిన 15వ శతాబ్దం నాటి మాట అది. ఇరాన్ ప్రభావాన్ని నేను కాదనను. 1163లోనే, అప్పటి ఇరానీ ప్రపంచంలో భాగమైన హెరాత్‌లో రాగి, వెండి పొదిగిన కంచు బొక్కెన చేశారు, అది ఇప్పుడు రష్యాలోని హెర్మిటేజ్‌లో ఉంది. కానీ అక్కడి వాళ్లు పొదిగింది కంచులో, ఇత్తడిలో. బిద్రీ పాత్ర మాత్రం జింకుది, అందులో రాగి కొద్దిగానే ఉంటుంది. అచ్చు పోసి, ఆకురాయితో నునుపు చేసి, ఉలితో గాడి తీసి, వెండి తీగను దెబ్బలతో దిగగొడతారు. చివర్లో నవాసాగరం, బీదరు కోట నుంచి తెచ్చిన మట్టి కలిపిన ముద్దతో వేడిచేసి రుద్దితే పాత్ర నల్లబడుతుంది, వెండి తెల్లగానే ఉండిపోతుంది. ఆ కాస్త రాగి లేకపోతే ఈ నలుపు పట్టదు. ఈ పద్ధతి వెనక ఇరాన్ నమూనా కనబడదు.

మనకు మిగిలిన పాత బిద్రీ వస్తువులు దాదాపు 17వ శతాబ్దం నాటివి. లోహాన్ని కరిగించి మళ్లీ వాడతారు కదా, అంతకు ముందువి మిగలకపోతే లేనట్టా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అందుకే నా వాదానికి ఆధారం, మిగలని పాత్రలు కాదు, మిగిలిన గోడ. బీదరు కోటలోని రంగీన్ మహల్‌లో అలీ బరీద్ షా (1542–80) కాలంలో నల్లరాతిలో ముత్యపు చిప్ప పొదిగారు. నలుపులో తెలుపు అనే చూపు ఆ కోటలో లోహానికి ముందే రాతిలో స్థిరపడింది. కొరియాలోనూ ఒక పదార్థంలోని పని ఇలాగే మరోదానిలోకి మారింది. 1123లో గోర్యో రాజ్యానికి వచ్చిన చైనా రాయబారి షూ జింగ్ అక్కడి సెలడన్ అనే ఆకుపచ్చ మట్టిపాత్రలను మెచ్చుకున్నాడు, పొదిగే పని ఊసు మాత్రం ఎత్తలేదు. 1159లో మరణించిన మున్ గాంగ్‌యు సమాధిలో పొదిగిన సెలడన్ గిన్నె దొరికింది. అప్పటికే అక్కడ కంచులో వెండినీ, లక్కలో ముత్యపు చిప్పనూ పొదిగేవారు. ఆ చేతిపనే మట్టిలోకి దిగింది.

అయితే ఇరాన్ కథను తీసేసి దాని స్థానంలో కోటమట్టి మహిమను కూర్చోబెట్టడం కూడా నాకు సమ్మతం కాదు. లక్నో, పూర్ణియా, ముర్షిదాబాద్‌లలో కూడా బిద్రీ చేశారు, వాటికి బీదరు కోట లేదు. బీదరు ఇచ్చింది మట్టికన్నా పెద్దది: రాయి చెక్కేవాడూ లోహం పోసేవాడూ ఒకే దర్బారు కోసం పనిచేసిన చోటు.