పర్ణశాలల పండుగ



మన డెల్టాలో పంటల పండుగ ఏదంటే చిన్నపిల్లయినా సంక్రాంతి అనే చెబుతుంది. ధాన్యం ఇంటికొచ్చాకే కదండీ పండుగ! కానీ గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని కుటుంబాలవారికి మరో పంటల పండుగ ఉంది. దసరా రోజులకు కాస్త అటో ఇటో, చేలో వరి ఇంకా పచ్చగా ఉండగానే అది వస్తుంది. పేరు సుక్కోత్. తెలుగు బైబిలులో పర్ణశాలల పండుగ అన్నారు. యూదుల పండుగ అది.

తెలుగునాట యూదులేమిటంటారా? వీరు తమను బెనె ఎఫ్రాయిం, అంటే ఎఫ్రాయిం సంతతి అని చెప్పుకుంటారు. క్రీస్తుకు పూర్వం 722 ప్రాంతంలో అస్సీరియా రాజులు ఇశ్రాయేలు ఉత్తర రాజ్యాన్ని కూల్చి ప్రజల్ని చెరపట్టుకు పోయారు. అలా చెదిరిన గోత్రాలలో ఎఫ్రాయిం ఒకటి. తమ పూర్వులు తిరిగి తిరిగి ఈ నేలకు చేరారని వీరి నమ్మకం. దానికి వ్రాతపూర్వకమైన ఆధారాలు చరిత్రకారులకు దొరకలేదు. తెలిసిన చరిత్ర ఇది: వీరు మాదిగ కుటుంబాలవారు, ఎక్కువమంది వ్యవసాయ కూలీలు. మిషనరీల కాలంలో క్రైస్తవం పుచ్చుకున్నవారి సంతతి. యాకోబి సోదరులు షమూయేలు, సాదోకుల చొరవతో యూద ఆచారాలు చేపట్టి, 1991లో ఊళ్ళో ప్రార్థన మందిరం పెట్టుకున్నారు. యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు వీరిని గురించి 2013లో ఒక గ్రంథమే వెలువరించారు.

ఇక పండుగ సంగతి. యూదుల తిష్రీ మాసం పున్నమినాడు మొదలై ఏడు రోజులు సాగుతుంది. ఐగుప్తు విడిచి వచ్చిన పూర్వులు నలభై ఏళ్ళు ఎడారిలో తిరిగారనే జ్ఞాపకంగా, ఇల్లు వదిలి పందిట్లో కూర్చుని భోంచేస్తారు. పైకప్పుకు కోసి తెచ్చిన ఆకూ కొమ్మా వాడాలి. కొబ్బరాకులు, తాటాకులు చక్కగా పనికొస్తాయి. సొరపాదు పాకించిన పందిరి మాత్రం పనికిరాదు, వేరు నేలలోనే ఉంటుంది గనుక! లోపల ఎండకన్న నీడ ఎక్కువుండాలి, కప్పు సందుల్లోంచి చుక్కలు కనబడితే మంచిది. మాదీఫలం, ఖర్జూరపు మొవ్వ, మరి రెండు రకాల రెమ్మలు చేతబట్టుకుని ప్రార్థిస్తారు.

ఆ దేశంలో అప్పటికి ద్రాక్ష, అంజూరం, ఒలీవ పండ్లు చేతికొచ్చే రోజులు. వేసవంతా చినుకు పడదు గనుక పండుగ చివర వాన కోసం ప్రార్థన చేస్తారు. మనకేమో అప్పుడే వానలు! అందుకూ శాస్త్రం దారి చూపింది: వాన పడి కూడు పాడయ్యేట్లుంటే లోపలికి వెళ్ళిపోవచ్చు.

మరి పంట రాకముందే పంటల పండుగేమిటి? 1855లో కృష్ణ ఆనకట్ట పూర్తయ్యాక ఈ డెల్టా అన్నపూర్ణ అయింది. నాట్లు వేసి, కలుపు తీసి, కోత కోసిన ఆడకూలీలలో ఎందరికి సొంత చేను ఉంది? గాదె నిండినవారికి సంక్రాంతి నిండుగా ఉంటుంది. పరిగె ఏరుకున్న చేతుల మాటో?

ఈ పండుగను విధించిన ధర్మశాస్త్రమే, పొలం అంచు కోయకుండా వదలమంటుంది. పరిగె పేదలకూ పరదేశులకూ విడిచిపెట్టమంటుంది. పండుగ సంతోషంలో కొడుకూ కూతురుతో పాటు పనివాళ్ళూ, విధవరాలూ, తల్లిదండ్రులు లేని బిడ్డా ఉండాలంటుంది. వీరి మూలాలేవో పండితులు తేల్చుకోనివ్వండి. ఆ ఆకుల పందిరి కింద కూలి మనిషి అతిథి కాదు, ఇంటి మనిషే. మన సంక్రాంతి ముంగిళ్ళలోనూ ఆ చోటు ఉందో లేదో చూసుకుందాం.

సెలవు.