మోత నుండి నిర్వహణకు: లాటిన్ ‘గెరెరె’ క్రియ అర్థపరిణామం

నిర్వహణను తెలిపే లాటిన్ క్రియలలో ‘గెరెరె’ ముఖ్యమైనది. దీని మూలార్థం మోయడం, ధరించడం. తెలుగువారు వాడే ‘నిర్వహించు’ అనే తత్సమ క్రియలోనూ మోయడాన్ని తెలిపే ‘వహ్’ ధాతువే ఉంది. ఈ పోలిక ఆధారంగా రెండు పదాలకూ జన్యసంబంధం చెప్పవచ్చునా అన్నది పరిశీలించదగిన అంశం.

‘గెరెరె’కు వర్తమాన రూపం ‘గెరో’, భూతకాల రూపం ‘గెస్సి’. వీటిని బట్టి తొలి ధాతువు ‘గెస్’ అని తేలుతుంది. లాటిన్‌లో అచ్చుల మధ్య సకారం రేఫగా మారింది. ద్విత్వంలో మారక నిలిచింది.

వస్త్రం ధరించడం, ఫలాలను మోయడం, యుద్ధం సాగించడం, పదవి నిర్వహించడం ఈ క్రియకు గల ప్రధానార్థాలు. ‘తన్ను తాను మోయు’ అనే ప్రయోగానికి ప్రవర్తించడమని అర్థం. ఈ పరిణామాన్ని క్రీ.పూ. 1వ శతాబ్దపు పండితుడు వర్రో ‘లాటిన్ భాషను గూర్చి’ అనే గ్రంథం 6వ భాగంలో వివరించాడు. ఆయన విభజనలో కవి నాటకాన్ని చేస్తాడు, నటుడు ఆడతాడు, సేనాపతి చేయడు, ఆడడు, భరిస్తాడు. బరువు మోసేవారి నుండి ఈ ప్రయోగం వచ్చిందని వర్రో అభిప్రాయం. రోమన్ న్యాయశాస్త్రం ఇతరుల పనిని వారు కోరకుండానే నెరవేర్చడాన్ని ‘నెగోతియోరుమ్ గెస్తియో’ అన్నది. అక్కడ కూడా బాధ్యతను తలకెత్తుకోవడమనే భావమే కనిపిస్తుంది.

అయినా ‘వహ్’ ధాతువుకు లాటిన్ జ్ఞాతి ‘గెరెరె’ కాదు. చేరవేయడమనే అర్థం గల ‘వెహెరె’. వీటి నడుమ క్రమబద్ధమైన ధ్వనిసంవాదం ఉంది. ‘గెస్’, ‘వహ్’ ధాతువుల నడుమ అది లేదు. కాబట్టి ‘గెరెరె’, ‘నిర్వహించు’ పదాలది అర్థసామ్యమే గాని జన్యసంబంధం కాదు. తెలుగు దేశ్యమైన ‘నడుపు’ మరొక మార్గాన వచ్చింది. దాని మూలం బరువు కాదు, నడక. పశువులను తోలడాన్ని, పని జరపడాన్ని తెలిపే లాటిన్ ‘అగెరె’ దీనికి అర్థరీత్యా సన్నిహితం. ఇదీ సమాంతర పరిణామమే.

భారం నుండి బాధ్యతకు, గమనం నుండి నిర్వహణకు అర్థం విస్తరించడం సంబంధం లేని భాషలలోనూ స్వతంత్రంగా జరుగుతుంది. అర్థం కలిసినంత మాత్రాన పదాలకు చుట్టరికం కలిపే వ్యుత్పత్తి నిలవదు. ధ్వనిసంవాదం తేలిన తరువాతనే అర్థసామ్యానికి సాక్ష్యబలం చేకూరుతుంది.