హంద్రి ఒడ్డున ఏడేడు సముద్రాలు

నవలలు చదివే ఆడవాళ్ళు ఇద్దరు ఒకచోట చేరితే మాటలు వంకాయ కూరతో మొదలైనా చివరికి పుస్తకం దగ్గరే తేలతాయి. "ఇప్పుడేం చదువుతున్నావు వదినా?" అని ఒకరు అడగడం ఆలస్యం, రెండోవారు కథ మొదలు పెడతారు. అది మాయలూ మంత్రాలూ ఉన్న పుస్తకమైతే ఇక చెప్పక్కర్లేదు. రాకుమారుడు ఆ గుహలోకి వెళ్ళకుండా ఉండాల్సిందని ఒకరు, వెళ్ళకపోతే కథేముందని మరొకరు! పొయ్యి మీద పాలు పొంగినా పట్టదు. సరిగ్గా అప్పుడే పక్కగదిలోంచి ఓ మగగొంతు వినపడుతుంది. "ఇంకా ఆ కాకమ్మ కథలేనా?"

ఈ విసురు మన అమ్మమ్మలూ విన్నారు, అమ్మలూ విన్నారు. కాని ఈ కాకమ్మ కథలకూ, వాటి గురించి వాదించుకునే ముచ్చటకూ ఎంత చరిత్ర ఉందో చూస్తే, విసిరినాయన పేపరు మడిచి పక్కన పెట్టాల్సిందే. ఆ చరిత్రలో చాలా భాగం ఎక్కడిదో కాదు, వానలు సరిగ్గా కురవని మా రాయలసీమది.

మా పత్తికొండ వైపు సంగతే చూడండి. మృగశిర కార్తెలో తొలకరి జల్లు పడగానే తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర పొలాల్లో జనం వంగి నేల చూస్తూ నడుస్తుంటారు. ఏం పోగొట్టుకున్నారని అడిగేరు! వాళ్ళు వెతికేది వజ్రాల కోసం. వాన నీటికి మట్టి కొట్టుకుపోయి, ఎండ పొడకు రాయి తళుక్కుమంటుందట. ఎక్కడెక్కడి నుంచో సద్దిమూటలు కట్టుకుని వస్తారు. ఒకరికి దొరుకుతుంది, వెయ్యిమంది వట్టి చేతులతో పోతారు. దొరికినవాడి కథ మాత్రం మరుసటి ఏడాది దాకా ప్రతి ఇంటా నడుస్తుంది. ఇటువంటి నేల మీద పుట్టినవాళ్ళకు అద్భుత కథలు ఒకరు నేర్పాలా?

తుగ్గలి దాపునే ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. క్రీస్తు పూర్వం మూడో శతాబ్దం నాటివి. వాటిలో ఒకదానిలో కొన్ని వరసలు ఎడమ నుంచి కుడికీ, కొన్ని కుడి నుంచి ఎడమకూ నడుస్తాయి, సేద్యగాడు చేను చివర మడక తిప్పినట్టు. అధికారులు భేరి మోగించి ఆ మాటలు జనపదాల వాళ్ళకు తెలియజెప్పాలని కూడా అందులో ఉంది. అంటే ఒకరు చదవడం, పదిమంది వినడం ఈ ప్రాంతంలో ఇరవై రెండు శతాబ్దాల నాటి అలవాటన్నమాట. విన్నాక జనం ఊరికే ఇంటికి పోయి ఉంటారంటే నేను నమ్మను. అశోకుడి మాట మీద అరుగు మీద చర్చ జరిగే ఉంటుంది!

చరిత్ర ఎక్కడ ముగిసి కథ ఎక్కడ మొదలవుతుందో చెప్పడానికి మన్రో దొర కంటే మంచి ఉదాహరణ లేదు. 1800లో నైజాం నవాబు ఈ సీమను కంపెనీవారికి అప్పగించినప్పుడు వచ్చిన కలెక్టరు థామస్ మన్రో. ఏడేళ్ళు ఉండి, తర్వాత 1820లో మద్రాసు గవర్నరయ్యాడు. స్వదేశానికి వెళ్ళిపోయే ముందు పాత జిల్లాలను ఒక్కసారి కళ్ళారా చూసుకుందామని బయల్దేరి, 1827 జులై 6న కలరా సోకి పత్తికొండలోనే కన్నుమూశాడు. ఆయన పేరు మీద ఇక్కడ ఒక తోపు వేయించి, మెట్లబావి తవ్వించారు. ఇదంతా కాగితాల మీద ఉన్న చరిత్ర.

జనం చెప్పుకున్న చరిత్ర వేరు. కడప జిల్లాలో పాపాఘ్ని నది కొండల నడుమ నుంచి వచ్చేచోట గండి క్షేత్రం ఉంది. రాముడు లంక నుంచి తిరిగి వస్తుంటే స్వాగతంగా వాయుదేవుడు ఆ రెండు కొండల మధ్య బంగారు తోరణం కట్టాడట. అది మామూలు కళ్ళకు కనిపించదు. మన్రో ఆ దారిన పోతూ తల ఎత్తి, "ఆ తోరణం ఎవరు కట్టారు?" అని అడిగాడట. పక్కనున్న ముసలి బంట్రోతులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారట. కొన్నాళ్ళకే పత్తికొండ కబురు వచ్చింది. మంత్రాలయంలోనూ అలాంటిదే ఇంకో కథ. మఠం భూముల విషయం విచారించడానికి వెళ్ళిన మన్రో, బృందావనం ముందు నిలబడి రాఘవేంద్రస్వామితో మాట్లాడాడట. స్వామి ఆయన ఒక్కడికే కనిపించారు, చుట్టూ ఉన్నవాళ్ళకు గాలి తప్ప ఏమీ లేదు. ఈ కథలు ఇంగ్లీషువాళ్ళ గెజెటీర్లలోకి కూడా ఎక్కాయి.

గండి తోరణం కథ చెప్పుకునేటప్పుడు ఓ వాదన తప్పకుండా వస్తుంది. తోరణం పుణ్యాత్ములకే కనిపిస్తుందని కొందరంటారు, ఆయువు తీరినవాళ్ళకే కనిపిస్తుందని ఇంకొందరు. "పుణ్యాత్ముడైతే పరాయి దొర ఎట్లయితాడు మేయ్?" అని ఒక ముసలమ్మ అడిగితే, "కరువులో శిస్తు తగ్గించినోడు మనోడే గాని పరాయోడు ఎట్లయితాడు?" అని ఇంకో ముసలమ్మ జవాబు. ఒక మాయ తోరణం మీద జరిగిన ఈ చర్చలో కరువూ శిస్తూ పరిపాలనా అన్నీ వచ్చేశాయి చూడండి!

మన్రో కంటే చాలా ముందు, పదహారో శతాబ్దంలో, నంద్యాల కృష్ణరాజు కొలువులో పింగళి సూరన అనే కవి 'కళాపూర్ణోదయం' రాశాడు. పద్యకావ్యం అనగానే భయపడకండి. అందులో ఉన్నంత కథ మన సీరియల్స్ పది కలిపినా లేదు. ఆకాశంలో విమానాలు, ఒకరి రూపం ఇంకొకరు ధరించడం, మాట్లాడే చిలుక, మణిస్తంభుడనే సిద్ధుడు! బ్రహ్మ సరస్వతితో సరసంగా ఉన్న సమయంలో చెప్పిన కథ భూమ్మీద నిజంగా జరిగిపోతుంది. చివరికి ఆ చిక్కుముడులన్నీ విప్పేది ఎవరో తెలుసా? మెడలో మణిహారం వేయగానే పూర్వజన్మ గుర్తొచ్చిన ఓ పసిపాప! ఉయ్యాలలో ఉండాల్సిన మధురలాలస నోట అంత కథనూ చెప్పించిన సూరన ధైర్యానికి, నవలలు రాసేదాన్ని గనుక, నాకు అసూయ కలుగుతుంది.

అప్పటిదాకా పురాణకథే కావ్యానికి వస్తువు. సూరన తన సొంత కథ అల్లాడు. దాని విలువ పాఠకులు గుర్తించడానికి మాత్రం చాలాకాలం పట్టింది. చిత్తూరు వాడైన కట్టమంచి రామలింగారెడ్డి కేంబ్రిడ్జిలో చదువుకుని వచ్చి 1914లో 'కవిత్వతత్వ విచారము' రాస్తూ, పాత ప్రబంధాలను ఎడాపెడా దులిపేశాడు గాని కళాపూర్ణోదయం దగ్గరకు వచ్చేసరికి ఆ కథ కూర్పుకు ముచ్చటపడ్డాడు. పండితులు మండిపడ్డారు, కుర్రకారు మెచ్చుకుంది. తర్వాత 2002లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చి, ఇది నవలే సుమా అన్నారు. అంటే నంద్యాల కాకమ్మ కథ మీద అభిప్రాయాలు చెప్పుకోవడం నాలుగు వందల ఏళ్ళు దాటినా ఆగలేదు!

ఇక మన ఇళ్ళలోకి వద్దాం. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మధిర సుబ్బన్న దీక్షితులు 'కాశీ మజిలీ కథలు' రాశారు. పన్నెండు భాగాలు. మణిసిద్ధుడనే యతి కాశీకి పోతూ తోడుగా ఒక గొల్లపిల్లవాణ్ణి తీసుకెళతాడు. వాడి షరతు ఒక్కటే, మజిలీ మజిలీకీ తను అడిగినదాని మీద కథ చెప్పాలి. చెప్పకపోతే అడుగు ముందుకు పడదు! తెలుగు సాహిత్యంలో నాకు తెలిసి అతి మంచి పాఠకుడు ఈ గోపడే. అచ్చంగా మన ఆడవాళ్ళ తరహానే. వంట కాగానే, పిల్లలు నిద్రపోగానే, చదవడం వచ్చిన కోడలు దీపం దగ్గర కూర్చుంటే, చదవడం రాని అత్తగారూ ఇరుగుపొరుగూ చుట్టూ చేరి "తర్వాత?" అనేవాళ్ళు. చదువు లేకపోయినా వాళ్ళూ పాఠకులే. కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు గ్రంథాలయాల కోసం, వయోజన విద్య కోసం ఊరూరా తిరిగింది ఇలాంటి వాళ్ళ కోసమే.

ఆ మజిలీ కథల్లో ఒకటి ఊపిరిపోస్తే 1951లో 'పాతాళభైరవి' సినిమా వచ్చింది. దర్శకుడు కె.వి. రెడ్డిది తాడిపత్రి. నిర్మాత బి. నాగిరెడ్డిది కడప జిల్లా. ఆ నాగిరెడ్డి, చక్రపాణి కలిసే 1947 జులైలో 'చందమామ' మొదలుపెట్టారు. చుక్కనీటికి మొహం వాచిన సీమలో పుట్టినవాళ్ళే తెలుగువాళ్ళందరికీ పాతాళమూ ఆకాశమూ చూపించారంటే ఏమనాలి?

చందమామ పిల్లల పత్రిక అని అట్ట మీద ఎవరు నమ్మించబోయినా, పోస్టుమాన్ చేతిలోంచి ముందు లాక్కున్నది అమ్మలే. బేతాళ కథ చివర ప్రశ్న రాగానే పుస్తకం మూసేసి, "నువ్వు చెప్పు, ఎవరిది తప్పు?" అని తోటికోడల్ని అడిగేవాళ్ళు. విక్రమార్కుడి జవాబు ఆ తర్వాతే. కొన్నిసార్లు ఆయన జవాబు కంటే తోటికోడలి జవాబే బాగుండేది. రాజుగారికి ఇంట్లో కోడళ్ళ కష్టాలు ఏం తెలుసు!

రంగుల బొమ్మలతో వచ్చే ఆ సీరియల్స్, 'తోకచుక్క', 'కంచుకోట', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', రాసిందెవరో చాలాకాలం పాఠకులకు తెలియదు. పేరు వేసేవారు కాదు. దాసరి సుబ్రహ్మణ్యం గారు సంపాదకవర్గంలో ఒక బల్ల దగ్గర కూర్చుని దశాబ్దాల పాటు పని చేశారు. అలాంటి సీరియల్స్ పన్నెండు రాశారు. ఆ పిల్లలు పెద్దవాళ్ళయి, ఒకరికొకరు జ్ఞాపకాలు చెప్పుకుంటూ, పాత సంచికలు వెతుకుతూ ఆయన పేరు బయటికి తెచ్చారు. 2010లో ఆయన పోయేనాటికి ఆ పేరు అభిమానులకు తెలుసు. చందమామ కూడా తర్వాత కొద్ది ఏళ్ళకే ఆగిపోయింది. ఒక రచయితకు తన పేరు తిరిగి దక్కిందంటే, కారణం పాఠకులు ముచ్చట్లు మానకపోవడమే. కాలక్షేపం అనుకునే మాటలకు ఇంత బలం ఉంది.

అయితే అద్భుత కథలన్నీ ఒకటి కావు. 1980 ప్రాంతంలో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో వస్తున్నప్పుడు రాష్ట్రమంతా అదే చర్చ. చేతబడి ఉందని నమ్మిస్తున్నాడని కొందరు, కథను కథగా చూడమని కొందరు. ఆ వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. బాణామతి చేసిందన్న అనుమానంతో ఒంటరి ముసలమ్మలను కొట్టిన, చంపిన ఘోరాలు మన పల్లెల్లో జరిగాయి. గుప్తనిధులుంటాయని రాత్రిపూట పాత గుళ్ళను, కోటలను తవ్వేవాళ్ళు రాయలసీమలో ఇప్పటికీ పట్టుబడుతున్నారు. మరి ఈ పాపం కథలదా?

కాదని నా అభిప్రాయం. పాతాళభైరవి చూసిన ఆడవాళ్ళెవరూ పలుగు పట్టుకుని గుడి తవ్వలేదు. నేపాళ మాంత్రికుడిని చూసి నవ్వుకున్నారు, అత్యాశ కొంప ముంచుతుందని చెప్పుకున్నారు. కథను నలుగురిలో పెట్టి, "ఇదెలా కుదురుతుంది?", "వాడు చేసింది న్యాయమేనా?" అని అడిగేవాళ్ళకు కథకూ నిజానికీ మధ్య గీత ఎక్కడుందో తెలుస్తుంది. కథలోని మంత్రగత్తె వేరు, వీధి చివర ఒంటరిగా ఉన్న అవ్వ వేరు. ఆ తేడా తెలియనిది, గుసగుసను ప్రశ్నించకుండా మింగేవాళ్ళకే. చీకట్లో గుట్టుగా నమ్మితే మూఢనమ్మకం. దీపం ముందు పెట్టుకుని వాదించుకుంటే సాహిత్యం.

ఇప్పటి ఆడపిల్లలు హారీ పాటర్ చదువుతూ ఫోన్లలో గంటలకొద్దీ వాదించుకుంటుంటే పెద్దవాళ్ళు విసుక్కుంటారు. విసుక్కోకండి. దగ్గర కూర్చుని కథ చెప్పమనండి. ఆ చీపురుకట్ట మీద ఎగిరే పిల్లవాడి కంటే, మన మణికంధరుడు మేఘాల్లో నారదుడి వెంట ఎంత దర్జాగా పోయాడో మీరూ చెప్పండి. ఎవరిది గొప్పో వాళ్ళనే తేల్చమనండి. కూర కొంచెం మాడినా ఫరవాలేదు!